కేస్ స్టడీ: ఎక్కడో వంతెన కూలాక ఇక్కడి వంతెన మీద వచ్చిన ఫిర్యాదులు

ఒక పాత వంతెన కూలి జనం చనిపోతే, ఆ వారం రోజుల్లో మిగతా పాత వంతెనలన్నిటి మీదా జనం కన్ను పడుతుంది. ఫోన్లలో తీసిన వీడియోలు, వినతిపత్రాలు, ధర్నాలు, "మాదీ కూలేదాకా ఆగుతారా" అన్న నిలదీత. ఆ ఒత్తిడిలో కొందరు ఇంజనీర్లు జనానికి ఏం తెలుసులే అని కొట్టిపారేస్తారు. కొందరు జనం ఎక్కడ వేలు పెట్టి చూపిస్తే అక్కడ సిమెంటు పూసి వచ్చేస్తారు. ఈ కేసులో రెండూ జరిగాయి. వచ్చిన ఫిర్యాదుల్లో చాలావాటికి ప్రమాదంతో సంబంధం లేదు. అసలు ప్రమాదం బయటపడింది మాత్రం ఒక ఫిర్యాదు వల్లే. రాయదగ్గ విషయం అని అనిపించింది అందుకే.

ఊరు, నది, శాఖ, మనుషుల వివరాలు తీసేశాను. వంతెనల పరిస్థితి అంచనా వేయడం నా పని. వంతెన సొంతదారైన శాఖ ఈ కేసులో నన్ను బయటినుంచి సలహాదారుగా పిలిచింది.

నేపథ్యం

వంతెనకు నలభై ఏళ్లు దాటాయి. నది మీద రెండు వరుసల రోడ్డు, ఇరుపక్కలా సన్నటి నడకదారి. రకం బ్యాలన్స్‌డ్ కాంటిలీవర్. ఒక్కో పియర్ (వంతెనను మోసే స్తంభం) నుంచి రెండు వైపులా చేతులు చాచినట్టు గర్డర్లు (బరువు మోసే దూలాలు) ముందుకొస్తాయి. అలా చాచిన చేతులే కాంటిలీవర్లు. ఎదురెదురుగా వచ్చిన ఆ కొసల మీద మధ్యలో ఒక చిన్న స్పాన్ (రెండు ఆధారాల మధ్య ఉండే వంతెన భాగం) కూర్చుంటుంది. దాన్ని సస్పెండెడ్ స్పాన్ అంటాం. అది కూర్చునే చోట గర్డరు ఎత్తు సగానికి తగ్గించి ఉంటుంది. కింది సగం కాంటిలీవర్‌ది, పై సగం సస్పెండెడ్ స్పాన్‌ది, నడుమ బేరింగు, అంటే బరువు ఆనే రబ్బరు దిమ్మ. దీన్నే హాఫ్ జాయింటు అంటారు. ఒకప్పుడు ఈ రకం విరివిగా కట్టారు. చేత్తో లెక్క వేసే రోజుల్లో లెక్క తేలిక, నదిలో సెంటరింగ్ తక్కువ, పునాది కాస్త కుంగినా పైభాగం తట్టుకుంటుంది.

ఇందులో ఉన్న చిక్కు కట్టిన చాలా ఏళ్లకు గానీ తెలిసిరాలేదు. ఎక్స్‌పాన్షన్ జాయింటు, అంటే వంతెన సాగడానికి రోడ్డులో వదిలే సందు, సరిగ్గా బేరింగు నెత్తిన ఉంటుంది. జాయింటులోని రబ్బరు చిరిగిందంటే రోడ్డు మీది నీళ్లూ బురదా తిన్నగా బేరింగు మీదికి దిగుతాయి. అక్కడ ఖాళీ కొన్ని సెంటీమీటర్లే. చెయ్యి పట్టదు, చూద్దామంటే కనిపించదు, రంగు వేయడం కుదరదు. ఎత్తు తగ్గించిన మూలలో ఒత్తిడి ఎక్కువ కాబట్టి పగులు అక్కడ పుట్టి ఏటవాలుగా పాకుతుంది. దాన్ని నిలిపి ఉంచేవి లోపల నిలువుగా వేసిన కడ్డీలు. నీళ్లు దిగితే ముందు తుప్పు పట్టేవి కూడా అవే. గర్డరు వంగి విరిగేటట్టయితే ముందు నుంచే పగుళ్లతో హెచ్చరిస్తుంది. ఈ మూల తెగితే ఒక్కసారిగా తెగుతుంది, పక్కన బరువు మోయడానికి ఇంకో దారి ఉండదు.

హాఫ్ జాయింటు పేరు వినగానే నాలాంటి వాళ్లకు గుర్తొచ్చేది కెనడాలోని లావాల్. అక్కడ 1970లో కట్టిన డి లా కాంకోర్డ్ ఓవర్‌పాస్ 2006 సెప్టెంబరు 30న కూలి 5 మంది చనిపోయారు. కాంటిలీవర్ కొసలో కడ్డీలు ఉండాల్సిన చోట లేకపోవడం, కాంక్రీటు నాసిగా ఉండటం కారణాల్లో ప్రధానమైనవని విచారణ సంఘం తేల్చింది. నా మనసులో నిలిచిపోయింది మాత్రం ఆ రోజు జరిగిన క్రమం. కూలడానికి సుమారు గంట ముందు, కాంక్రీటు ముక్కలు కింది రోడ్డు మీద పడుతున్నాయని సమాచారం అందింది. రోడ్డు పర్యవేక్షకుడు వచ్చాడు, ముక్కలు తీసేశాడు, వంతెన చూశాడు, తర్వాత వివరంగా తనిఖీ చేయించాలని అనుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత వంతెన పడిపోయింది. అక్కడికక్కడ రాకపోకలు ఆపే నిర్ణయం ఎవరిది, ఏం చూస్తే ఆపాలి అన్నది ముందే రాసిపెట్టి ఉండకపోతే మంచి ఉద్యోగి అయినా అలాగే చేస్తాడు. మా కేసులో తర్వాత తీసుకున్న ఒక నిర్ణయానికి ఇదే ఆధారం.

సమస్య ముందుకొచ్చిన తీరు

వేరే చోట వంతెన కూలిన వార్త వచ్చాక కొద్ది రోజుల్లోనే శాఖకు ఫిర్యాదులు వందల్లో వచ్చిపడ్డాయి. అంతకుముందు ఏళ్ల తరబడి ఈ వంతెన గురించి ఒకటీ అరా తప్ప ఎవరూ రాసింది లేదు. వచ్చినవి చదివితే దాదాపు అన్నీ నాలుగు మాటల చుట్టూనే తిరిగాయి. వంతెన ఊగుతోంది. జాయింటులోంచి కింద నది కనిపిస్తోంది. రెయిలింగు పెచ్చులు ఊడి కడ్డీలు బయటపడ్డాయి. వంతెన ముసలిదైపోయింది.

ఊగడం అన్నది జనాన్ని అందరికంటే ఎక్కువ భయపెట్టింది. ట్రాఫిక్ ఆగినప్పుడు కాంటిలీవర్ కొస మీద బండి నిలబడితే, పక్కన లారీ పోయినప్పుడల్లా కాళ్ల కింద రోడ్డు లేచి దిగినట్టు తెలుస్తుంది. నిజంగానే లేచి దిగుతుంది. ఆ రకం వంతెన కొత్తలోనూ అంతే. బరువు పడ్డప్పుడు కాస్త వంగడం వంతెన లక్షణం. జాయింటులో సందు ఉండటమూ లోపం కాదు. ఎండకు గర్డరు సాగడానికి ఆ సందు కావాలి. రెయిలింగు పెచ్చులు ఊడటం చూడ్డానికి ఘోరంగా ఉంటుంది, కిందపోయేవాళ్ల నెత్తిన పడొచ్చు, కానీ వంతెన బరువు మోసేది రెయిలింగు కాదు.

వయసు మాట కాస్త వివరంగా చెప్పాలి. పాత వంతెన కూలిందనగానే అందరూ అడిగేది ఎన్నేళ్లదీ అని. 2007 ఆగస్టు 1న అమెరికాలోని మినియాపొలిస్‌లో ఐ-35డబ్ల్యూ వంతెన మిసిసిపీ నదిలో పడి 13 మంది చనిపోయారు. 1967లో తెరిచిన వంతెన. చాలా ఏళ్లుగా నిర్మాణ లోపాలున్న వంతెనల జాబితాలో ఉంది. అదే జాబితాలో దేశమంతటా 70 వేలకు పైగా వంతెనలున్నాయని తెలిసి జనం బెంబేలెత్తారు. చర్చంతా తుప్పు, వయసు, తరిగిపోయిన నిధుల మీద నడిచింది. 2008 నవంబరులో జాతీయ రవాణా భద్రతా బోర్డు కారణం తేల్చింది: ఉక్కు దూలాలను కలిపే గస్సెట్ ప్లేట్లు కొన్ని అంగుళం మందం ఉండాల్సిన చోట అరంగుళమే ఉన్నాయి. డిజైనులోనే తప్పు. దాని మీద ఏళ్ల తరబడి మార్పులతో పెరిగిన సొంత బరువు, ఆ రోజు మరమ్మతు కోసం పైన పోసిన సామగ్రి బరువు. అంటే ఆ బలహీనత పుట్టుకతో వచ్చింది, ముసలితనంతో కాదు. నలభై ఏళ్లు ఎలా నిలబడిందో అలాగే నిలబడుతుందనే భరోసాలో ఎవరూ ఆ ప్లేట్ల మందం లెక్క తిరగేయలేదు.

అందుకే ఇక్కడ కూడా వయసు లెక్క పక్కన పెట్టి, బరువు రోడ్డు నుంచి నేలదాకా ఏ దారిన దిగుతోంది, ఆ దారిలో ఏ ఒక్కటి పోతే మొత్తం పోతుంది అన్నది ముందు గీసుకున్నాను. గీస్తే హాఫ్ జాయింట్లు వచ్చాయి. ఒక్క ఫిర్యాదులోనూ వాటి ఊసు లేదు. ఉండటానికి వీల్లేదు కూడా. రోడ్డు మీదినుంచి కనిపించవు, ఒడ్డునుంచి కనిపించవు.

ముందుగా చేసినవి, అవి పనికిరాని వైనం

నేను వెళ్లేసరికే శాఖ తన పని మొదలుపెట్టింది. రెయిలింగుకు పాచ్‌వర్కు చేసి రంగు వేశారు. రోడ్డు గుంతలు పూడ్చి పైన కొత్త తారు పొర వేశారు. జాయింటు సందుల మీద రేకులు బిగించారు. వాళ్లను తప్పుపట్టడం తేలిక. ఫిర్యాదుకు సమాధానం ఇవ్వాల్సిన ఉద్యోగి ఫిర్యాదులో ఉన్నదాన్నే బాగుచేస్తాడు. కానీ ఇందులో రెండు నష్టాలున్నాయి. తారు పొర వేసిన ప్రతిసారీ వంతెన సొంత బరువు పెరుగుతుంది, పాతది గీకి తీయకపోతే మరీను. రేకులు బిగించాక హాఫ్ జాయింటు మీద నీళ్లు దిగుతున్నదీ లేనిదీ పైనుంచి చూసే చిన్న అవకాశం కూడా పోయింది.

ఇలాంటి ముస్తాబు ఎంత దూరం తీసుకుపోగలదో మోర్బీ చూపించింది. గుజరాత్‌లోని ఆ వేలాడే వంతెన మరమ్మతుల తర్వాత 2022 అక్టోబరు 26న మళ్లీ తెరుచుకుంది, 30న తెగి 135 మంది చనిపోయారు. నడిచే తలానికి కొత్త అల్యూమినియం పలకలు పడ్డాయి. ప్రధాన కేబుల్ మాత్రం పాతదే. ఒక కేబుల్‌లోని 49 తీగల్లో 22 అప్పటికే తుప్పుపట్టి ఉన్నాయని ప్రత్యేక దర్యాప్తు బృందం చెప్పింది. కంటికి కనిపించేది కొత్తదైంది, బరువు పెరిగింది, మోసేది అలాగే ఉండిపోయింది.

తర్వాతిది లోడ్ టెస్టు. శాఖ పెద్దలు దీన్ని గట్టిగా పట్టుబట్టారు. ఇసుక మూటలు నింపిన లారీలను వంతెన మీద నిలబెడితే జనం కళ్లారా చూస్తారు, పేపర్లో ఫోటో పడుతుంది, గొడవ సద్దుమణుగుతుందని వాళ్ల ఆలోచన. నా అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చాను. లోడ్ టెస్టులో చూసేది వంగుడు ఎంత, బరువు తీశాక అందులో ఎంత తిరిగొచ్చింది అని. ఉదాహరణకు భారతదేశంలో వాడే ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) మార్గదర్శకాల్లో, 24 గంటలు ఉంచిన బరువు తీసేశాక 24 గంటల్లోగా మామూలు ఆర్‌సీసీకి 75 శాతం, ప్రీస్ట్రెస్‌డ్‌కు (లోపల ఉక్కు తీగలు లాగి బిగించిన కాంక్రీటుకు) 85 శాతం వంగుడు తిరిగి రావాలి. గర్డరు నడుము బలం గురించి ఇది బాగానే చెబుతుంది. హాఫ్ జాయింటు మూల ఇంకెంత దూరంలో తెగుతుందో ఇది చెప్పదు. పైగా ఆ మూల నిజంగానే బలహీనపడి ఉంటే పరీక్షే దాన్ని ఇంకాస్త చించొచ్చు. చివరికి మధ్యేమార్గంగా ఒడ్డు దగ్గరున్న స్పాన్ మీద పరీక్ష చేశారు. పాసైంది. మరునాడు ప్రకటన వచ్చింది: వంతెనకు ఏ ఢోకా లేదు.

ఆ ప్రకటన మంట మీద నూనె పోసింది. జనం వంతెన ఊగుతోందంటున్నారు, శాఖ ఏమీ లేదంటోంది, వంతెన చూస్తే మునుపటిలాగే ఊగుతోంది. ఇక శాఖ మాట ఎవరు నమ్ముతారు? "మీరు, మీ పిల్లలు రోజూ దీని మీదే పోతారా" అని ఒక సభలో నిలదీశారు. జవాబు చెప్పినవాళ్లు లేరు.

ఫిర్యాదులను మళ్లీ చదవడం

ఇక్కడ పద్ధతి మార్చాం. అప్పటిదాకా ఫిర్యాదులను లోపం పేరును బట్టి విడదీసేవారు: పగుళ్లు, కదలిక, రెయిలింగు, రోడ్డు. ఇలా విడదీస్తే ఫిర్యాదు చేసినాయన ఇంజనీరులా రోగం పేరు చెప్పాలని ఆశించినట్టే. ఆయనకు ఆ పేరు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. కానీ రోజూ అదే దారిన పోయేవాడికి ఒకటి మాత్రం ఇంజనీరు కంటే బాగా తెలుస్తుంది: నిన్నటికీ ఇవాళ్టికీ తేడా. మేం ఏడాదికోసారి చూసి ఫోటో తీసుకుంటాం. అతను రోజుకు రెండుసార్లు పోతాడు.

కాబట్టి ఫిర్యాదులన్నీ ముందేసుకుని ఒకే ప్రశ్న వేశాం: ఎప్పటి నుంచి? ఫోన్ నంబర్లు ఇచ్చినవాళ్లకు ఫోన్ చేసి అదే అడిగాం. వంతెన ఊగుతోందన్న వాళ్లలో ఎక్కువమంది "ఎప్పుడూ అంతే, ఆ వంతెన కూలాక భయమేసి రాశాం" అన్నారు. నిజాయితీగా చెప్పారు. రెయిలింగు గురించీ అదే జవాబు. ఈ ప్రశ్నతో గుట్టంతా కరిగి, ఈ మధ్యే ఏదో మారిందని చెప్పేవి గుప్పెడు మిగిలాయి.

వాటిలో ఒకటి ఆ దారిలో బస్సు నడిపే డ్రైవరుది. అర్జీలో రాసింది "జాయింటు దగ్గర సౌండ్ ఎక్కువ" అని మాత్రమే. ఫోన్లో అడిగితే ఆయన చెప్పింది ఇది: "సార్, ఇదివరకు ఆ జాయింటు దాటితే ముందు చక్రాలకో దెబ్బ, వెనక చక్రాలకో దెబ్బ, అంతే. వానలు తగ్గినకాడి నుంచి వెనక చక్రాలు దాటాక ఇంకో దెబ్బ వినిపిస్తోంది. బస్సుది కాదు సార్ అది. కింద నుంచి వస్తోంది." ఏ జాయింటో అడిగితే ఊరివైపు నుంచి వస్తుంటే మూడోది, ఎడమ పక్క అన్నారు.

ఈ మాటతో నాకు నిద్రపట్టలేదు. చక్రం జాయింటు దాటేటప్పుడు వచ్చే చప్పుడు వేరు. బండి దాటిపోయాక, బరువు దిగిపోయాక చప్పుడు వచ్చిందంటే ఏదో లేచి తిరిగి కూర్చుంటోంది. సస్పెండెడ్ స్పాన్ నాలుగు మూలల మీదా సమంగా కూర్చుని ఉంటే అది జరగదు. ఒక బేరింగు నలిగిపోతేనో, దాని కింద కాంక్రీటు అణగిపోతేనో, ఆ మూల గాల్లో ఉండి బండి వచ్చినప్పుడు దిగి, పోయినప్పుడు లేస్తుంది. అంటే ఆ మూల మోయాల్సిన బరువును పక్క మూల అదనంగా మోస్తోంది.

మరునాడు వేకువన ట్రాఫిక్ లేని వేళ వెళ్లాం. రేకు విప్పించి, జాయింటుకు రెండు పక్కలా స్లాబు మీద స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి చూస్తే ఎడమ పక్కన ఒక వైపు కొన్ని మిల్లీమీటర్లు దిగి ఉంది. కుడి పక్కన సమంగా ఉంది. బస్సు దాటుతుంటే స్కేలు కొస మీద వేలు ఆనించి పెట్టాను. వెనక చక్రాలు పోయాక వేలికి చిన్న తట్టు తగిలింది. వంతెన కింద తనిఖీ చేసే వాహనం బుట్టలో దిగి సన్నటి గొట్టం కెమెరా సందులోకి పోనిస్తే, బేరింగు ఉండాల్సిన చోట నల్లటి రబ్బరు తునకలు, తుప్పు రంగు బురద, దాని వెనక మూలలోంచి ఏటవాలుగా పోతున్న పగులు కనిపించాయి. పగులు అంచులు తేటగా, మురికి పట్టకుండా ఉన్నాయి. పాత పగులు అలా ఉండదు.

మూసేయాలా, ఉంచాలా

ఆ రోజు మధ్యాహ్నానికల్లా భారీ వాహనాలు ఆపేయమని రాసిచ్చాను. పూర్తిగా ఎందుకు మూయలేదని తర్వాత చాలామంది అడిగారు. అడగాల్సిన ప్రశ్నే.

పూర్తిగా మూస్తే ట్రాఫిక్ అంతా చుట్టు తిరిగి వేరే వంతెన మీదికి పోవాలి. అది దీనికంటే పాతది, ఇరుకుది, దాని పునాదుల దగ్గర వరద కోత ఆనవాళ్లున్నాయి. ఒక వంతెనను కాపాడబోయి ఇంకోదాని మీద లారీల వరస తోలితే ప్రమాదాన్ని చోటు మార్చినట్టే. అంబులెన్సుకు అంత చుట్టుదారి అంటే అదీ ప్రాణాల లెక్కే. ఇంకోవైపు, పగులు ఉన్న మూల మీద పడే బరువులో ఎక్కువ భాగం వంతెన సొంత బరువే. కార్లు, బైకులు ఒకే వరుసలో రోడ్డు నడిమధ్య నుంచి పోతే అదనంగా చేరేది కొద్ది. తుప్పుకు పోయిన కడ్డీని సగం అనుకుని లెక్క వేసినా, తేలిక వాహనాలకు చాలినంత మిగులు తేలింది. లారీలకు తేలలేదు. అందుకని ఒకే వరుస, తేలిక వాహనాలు, అంబులెన్సు, పాదచారులు. అదీ కొన్ని షరతుల మీద.

బరువు పరిమితి బోర్డు పెడితే ఏమైందో ఊహించేదే. మొదటి రాత్రే లోడు లారీలు దాటాయి. బోర్డు చదివి ఆగేవాడు అసలు ఎక్కువ లోడు వేసుకోడు. బరువు తూచే యంత్రం తెచ్చేదాకా ఆగలేం కాబట్టి రెండు కొసలా ఇనుప కమాను పెట్టించాం, ఎత్తు తక్కువగా. ఎత్తుకూ బరువుకూ నేరుగా సంబంధం లేదు, ఖాళీ బస్సు కూడా ఆగిపోతుంది. కానీ రాత్రి రెండింటికి కాపలా లేకపోయినా కమాను మొహమాటపడదు. అంబులెన్సు ఎత్తు కొలిచి దానికి సరిపోయేలా పెట్టాం.

జనం స్పందన ఇక్కడ తిరగబడింది. నిన్నటిదాకా మూసేయమన్న నోళ్లే ఇప్పుడు బస్సులు ఎందుకు ఆపారని ధర్నా చేశాయి. శాఖలో దీన్ని ఎగతాళి చేసినవాళ్లున్నారు. నాకది ఎగతాళి చేయదగ్గదిగా అనిపించలేదు. భయపడ్డప్పుడు ప్రాణం గురించి అడిగారు, బస్సు ఆగినప్పుడు బతుకు గురించి అడుగుతున్నారు. రెండూ న్యాయమైనవే. వాళ్లకు చెప్పాల్సింది ఏ లెక్క మీద ఏం ఆపామన్నది, ఎన్నాళ్లన్నది.

పనిచేసినవి

హద్దులు ముందే ప్రకటించడం అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది. పగులుకు అడ్డంగా దాని వెడల్పు కొలిచే గేజీలు అతికించి, రెండు మూలల మధ్య ఎత్తు తేడా కొలిచే ఏర్పాటు చేశాం. ఇంత దాటితే కొలతలు గంటగంటకూ, ఇంత దాటితే వంతెన పూర్తిగా మూత అని రాసి, ఆ అంకెలను వంతెన మొదట్లోనే బోర్డు మీద పెట్టించాం. రోజూ ఒకే వేళకు ఆనాటి కొలత ఆ బోర్డు మీద రాయాలి. మార్పేమీ లేకపోయినా రాయాలి. శాఖ దీనికి బాగా వెనకాడింది. అంకెలు చూసి జనం ఇంకా భయపడతారని వాదన. జరిగింది వేరు. నడిచిపోయేవాళ్లు ఆగి చదివేవాళ్లు, నిన్నటి అంకెతో పోల్చుకునేవాళ్లు. ఏ ఢోకా లేదన్న ప్రకటన చేయలేని పని ఆ సుద్దముక్క రాత చేసింది.

రెండోది మూసే అధికారం. హద్దు దాటితే పైవాళ్లకు ఫైలు పంపి ఎదురుచూడకుండా, ఆ పూట డ్యూటీలో ఉన్న క్షేత్రస్థాయి ఇంజనీరే గేటు వేసేయాలని లిఖిత ఉత్తర్వు తెప్పించాం. మూసింది అనవసరమని తర్వాత తేలినా అతని మీద చర్య ఉండదని అందులో ఒక వాక్యం చేర్పించడానికి చాలా వాదించాల్సి వచ్చింది. ఆ వాక్యం లేని ఉత్తర్వు కాగితానికే పరిమితం. లావాల్ నుంచి తీసుకున్నది ఇదే.

అది ఒకసారి అమలైంది. మండే ఎండలో ఒక మధ్యాహ్నం పగులు వెడల్పు రెండో హద్దు దాటింది. డ్యూటీలో ఉన్న అమ్మాయి, ఉద్యోగంలో చేరి ఎక్కువకాలం కాలేదు, ఎవరినీ అడక్కుండా గేటు వేసేసింది. సాయంత్రానికి వెడల్పు తగ్గింది. ఎండకు స్లాబు పైభాగం వేడెక్కి సాగడం వల్ల వచ్చిన మార్పది. అప్పటినుంచి ఉష్ణోగ్రతను కూడా పక్కనే రాసి, వేకువ కొలతలను వేకువ కొలతలతోనే పోల్చాం. అనవసరంగా మూశారని జనం తిట్టిపోస్తారని శాఖ భయపడింది. ఎవరూ ఏమీ అనలేదు. బోర్డు మీద హద్దు రాసి ఉంది, కొలత దాన్ని దాటింది, మూశారు. మర్నాడు ఆమెకు శాఖ పెద్ద ఫోన్ చేసి మంచి పని చేశావన్నారు. ఆ ఫోన్ కాల్ తర్వాత మిగతా సిబ్బంది కొలతలు తీసే తీరే మారింది.

ఇక మరమ్మతు. మొదట అందరం అనుకున్నది కింద నుంచి ఇనుప స్తంభాలతో ఊతమివ్వడం. కానీ వరద కాలం దగ్గరపడుతోంది. నదిలో పాతిన తాత్కాలిక స్తంభం చుట్టూ ఇసుక కొట్టుకుపోతే అది ఊతంగా నిలవదు, కొట్టుకొచ్చిన చెట్టు దానికి తగిలితే ఆ దెబ్బ గర్డరుకే. అందుకని పైనుంచి పట్టుకున్నాం. జాయింటుకు అడ్డంగా రోడ్డు మీద భారీ ఉక్కు దూలాలు వేసి, వాటి నుంచి గట్టి ఉక్కు కడ్డీలు దించి సస్పెండెడ్ స్పాన్ కొసను అడుగున పట్టి ఉంచాం. ఆ దూలాల బరువు కాంటిలీవర్ కొస మీదే పడుతుంది కాబట్టి, దానికి బదులు పాత తారు పొరలన్నీ ముందుగా గీకి తీయించాం. తీస్తే అనుకున్నదానికంటే మందంగా ఉన్నాయి. ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ పోయిన పొరలు.

పట్టు కుదిరాక జాకీలతో స్పాన్‌ను కొద్దికొద్దిగా లేపారు. లోపల చూస్తే ఒక బేరింగు పొడిపొడిగా ఉంది. దాని కింద కాంక్రీటు చేత్తో గీస్తే రాలుతోంది. మూలలోని నిలువు కడ్డీల్లో కొన్ని పెన్సిలంత సన్నబడ్డాయి. చెడిన కాంక్రీటు చెక్కి తీసి, కడ్డీలు చేర్చి, కొత్త కాంక్రీటు పోసి, బేరింగులు మార్చి, జాయింటు రబ్బరు కొత్తది వేశారు. నీటి గొట్టాలను గర్డరు అడుగు దాటేలా పొడిగించారు. అసలు జబ్బుకు మందు ఆ గొట్టాలే అంటే అతిశయోక్తి కాదు. మిగతా హాఫ్ జాయింట్లనూ ఇదే వరుసలో తెరిచి చూశారు. ఇంకో రెండు చోట్ల నీళ్లు దిగిన జాడలున్నాయి, పగులు లేదు.

పాఠాలుగా రాసుకున్నవి

ఫిర్యాదు చేసినవాళ్లు వేలు పెట్టి చూపిన చోటు చాలాసార్లు తప్పు. ఎప్పటి నుంచి అన్నది చాలాసార్లు ఒప్పు. శాఖ ఫిర్యాదు పత్రంలో లోపం రకం అన్న గడి తీయించి, ఎప్పటి నుంచి, ఏ పక్క, ఏ వేళ అన్న గడులు పెట్టించాం. బస్సు డ్రైవర్లతో ఏడాదికి కొన్నిసార్లు మాట్లాడటం ఇప్పుడు తనిఖీలో భాగం. తనిఖీ వాహనం అద్దెతో పోలిస్తే దానికయ్యే ఖర్చు లేనట్టే.

లోడ్ టెస్టు ఏ ప్రశ్నకు జవాబిస్తుందో దాని ఫలితంతో పాటు ఒక వాక్యంలో చెప్పాలి. ఏ స్పాన్ మీద చేశారు, ఏ భాగాన్ని పరీక్షించలేదు అన్నదీ చెప్పాలి. ఈ వాక్యం రాయడానికి ఇష్టపడని చోట పరీక్షకు ఒప్పుకోకూడదని నా నియమం ఇప్పుడు.

మూసే ముందు చుట్టుదారిలోని వంతెనను చూడాలి. దీన్ని ఎంత తేలిగ్గా మరిచిపోతారో వేరే కేసుల్లోనూ చూశాను.

పాత వంతెన మీద ఇప్పటికీ తేలిక వాహనాలకే అనుమతి. పక్కన కొత్తది కట్టాలని నిర్ణయమైంది. దాని డిజైనులో హాఫ్ జాయింట్లు లేవు. బేరింగుల దగ్గరికి మనిషి వెళ్లి చూసేందుకు ప్రతి పియర్ తల మీదా నిలబడే చోటు, నిచ్చెన కావాలని రాశాం. ఖర్చు తగ్గించే కసరత్తు వచ్చినప్పుడల్లా ముందు కొట్టివేతకు వచ్చేది అదే. పోయిన సమీక్షలో మళ్లీ తీసేశారు. మళ్లీ చేర్చమని లెక్కతో సహా లేఖ పంపాం, జవాబు రావాల్సి ఉంది.